మోడళ్లు రెడీ, దిమ్మెలే ఎత్తు

అనంతపురంలో సర్కిల్‌కో విగ్రహం ఎందుకని గొణిగేవాళ్లకు ఫొటోగ్రఫీ తెలియదు. పెళ్లి ఫొటోలు తీయడానికి దిగబోయే కుర్రాడు ముందు ఎవరి మీద చేయి తిప్పుకోవాలి? చెల్లెలు రెండో క్లిక్‌కే విసుక్కుంటుంది. నాయకుడు మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా చేయెత్తి అదే నవ్వు నవ్వుతుంటాడు. బతికుండగా ఎంతమందికి అంత ఓపిక ఉండేదో మనకు తెలియనిది కాదు.

ఇది కొత్త విద్యేమీ కాదు. 1840ల్లోనే ఇంగ్లండులో ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన టాల్బట్ అనే ఆయన పాట్రోక్లస్ అనే గ్రీకు వీరుడి ప్లాస్టర్ తలను పదేపదే ఫొటో తీశాడు. తెల్లగా ఉంటుంది, కదలదు, ఎంతసేపు కూర్చోమన్నా కాదనదు. విగ్రహాలకు ఎండ కన్నా మబ్బు వెలుతురే మేలని కూడా రాసిపెట్టాడు. పాపం, ఆయన అనంతపురం రాలేదు. ఇక్కడ మబ్బు కోసం కూర్చుంటే కెమెరా వారంటీ అయిపోతుంది.

కాబట్టి ఎండతోనే కాపురం. పన్నెండింటికి కనుబొమ్మల కింద నీడ పడి, ఎంతటి ప్రజానాయకుడైనా మూడు రోజులు నిద్రలేనట్టు కనిపిస్తాడు. పొద్దున ఏడింటికి పక్కనుంచి వెలుతురు పడితే ముక్కూ దవడా తేరుకుంటాయి. వెండి రంగు కొట్టిన విగ్రహం ఫ్రేమంతా నిండితే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు కంగారుపడి బూడిద రంగులోకి దించేస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపు, పెంచాలి. నల్ల విగ్రహానికి తగ్గించాలి. పార్టీ ఏదైనా సూత్రం ఇదే.

అసలు పరీక్ష వెనకున్న ఫ్లెక్సీ. పుట్టినరోజు శుభాకాంక్షలు, ముప్పై తలకాయలు. 85 ఎంఎం లెన్స్ పెట్టి అపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే కంతను, 1.8కి బార్లా తెరిచామా, వార్డు నాయకుడి నుంచి రాష్ట్ర నాయకుడి దాకా అందరూ రంగురంగుల పొగైపోతారు. మున్సిపాలిటీ వాళ్లు నిచ్చెనలేసుకొచ్చినా చేయలేని పని.

ఎన్నికల కోడ్ వస్తే విగ్రహాలకు గుడ్డ చుడతారు. అప్పుడు మడతలు తీయడం నేర్చుకోవచ్చు. చీరల షాపు ఆర్డర్లకు పనికొస్తుంది.

పైచదువుకు లేపాక్షి బసవన్న ఉన్నాడు. ఒకే రాయి, దాదాపు 27 అడుగుల పొడవు. దగ్గర నిలబడి 1.8లో మూతికి ఫోకస్ చేస్తే మూపురం మాయం. కంత చిన్నది చేసి అపర్చర్ 11కి పోవాల్సిందే. 2022లో తన జిల్లా అనంతపురం నుంచి శ్రీ సత్యసాయికి మారినా మెడ తిప్పని మోడల్ ఆయన.

ఒక్కటే మనవి, ఆ దిమ్మెల గురించి. అంత ఎత్తున నిలబెడితే కిందనుంచి ఎవరిని తీసినా ముక్కు రంధ్రాలే ముందు పడతాయి. ఇకమీదట విగ్రహ కమిటీలో ఒక ఫొటోగ్రాఫర్‌ను వేయాలి. దిమ్మె నాలుగు అడుగులు దాటకూడదు. ఒక పార్టీ వారిని తూర్పుకు, ఎదుటి పార్టీ వారిని పడమరకు తిప్పి పెట్టించాలి. అప్పుడు పొద్దునా సాయంత్రం రెండు పూటలా ఫొటోగ్రఫీ నేర్చుకునే బ్యాచ్‌లు నడుస్తాయి.