మట్టికి వాటా తేల్చండి

కృష్ణా జలాల పంచాయితీలో ఒక కక్షిదారుకు ఘోరమైన అన్యాయం జరుగుతోంది. ఎవరూ పట్టించుకోవడం లేదు కాబట్టి వకాల్తా లేకుండానే నేను వాదిస్తున్నాను. నా కక్షిదారు పేరు మట్టి. ఇంటిపేరు పూడిక.

కృష్ణా నీళ్ళను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు రాసిచ్చింది. మట్టికి మాత్రం మొండిచెయ్యి. పాపం, అది కోర్టు మెట్లెక్కలేదు, రాస్తారోకో చెయ్యలేదు. తన పని తాను చేసుకుపోయింది. శ్రీశైలం జలాశయం కట్టిన కొత్తలో 308 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 216 లోపే. నాగార్జునసాగర్ 408 నుంచి 312కి దిగింది. తుంగభద్ర 132 నుంచి 105కి. ఈ మూడు తరుగులూ కూడండి, సుమారు 215 వస్తుంది. అంటే ఇవాళ్టి నిండు శ్రీశైలమంత చోటును మట్టి చడీచప్పుడు లేకుండా తన పేర రాయించుకుంది. 2023 నవంబరులో సాగర్ ఆనకట్ట మీద ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పోలీసులు ఎదురెదురుగా నిలబడి, నడిమధ్యన ముళ్ళకంచె వేసుకున్న రాత్రి కూడా నా కక్షిదారు అడుగున కాళ్ళు బారజాపుకుని నిద్రపోతూనే ఉంది.

దానికి ఈ ఆస్తి ఎలా వచ్చిందంటారా? దాతలం మనమే. పత్తికొండ వైపు మా చేను కాస్త వాలు. వాలుకు అడ్డంగా దున్నమని ట్రాక్టరు డ్రైవరుకు ఏటా చెబుతాను. "అడ్డం దున్నితే మలుపులు ఎక్కువన్నా, డీజిల్ యాడ నుంచి తేవాల?" అంటాడు. డీజిల్ ధర తెలిసినవాణ్ణి, నోరు మూసుకుంటాను. ఆయన నిలువునా సాళ్ళు తీసి పోతాడు. తొలకరిలో ఒక్క పెద్ద వాన. ప్రతి సాలూ ఒక పిల్లకాలువ. మధ్యాహ్నానికల్లా గట్టు తెగి, చేను పైపొర టీ రంగులో వంకలో పడి, హంద్రీ మీదుగా కర్నూలు చేరి, తుంగభద్రలో కలిసి, అట్నుంచి శ్రీశైలానికి ప్రయాణం. టికెట్టు లేదు.

వానలు కూడా మునుపటిలా మర్యాదగా పడటం లేదు. నెల రోజులు ముఖం చాటేసి, ఆ బాకీ అంతా ఒక్క పూటలో తీరుస్తాయి. ముసురు పడితే నేల తాగుతుంది. కుండపోత పడితే నేలే లేచిపోతుంది. 2009 అక్టోబరులో శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డప్పుడు కర్నూలు ఊరు మునిగిందని అందరికీ గుర్తే. ఆ నీళ్ళు వెళ్ళాక ఇళ్ళల్లో మిగిలిన బురదను పారలతో ఎత్తిపోసుకున్నవాళ్ళకు మట్టి విలువ ఇంకా బాగా గుర్తు.

దిగువన, కృష్ణ సముద్రంలో కలిసే చోట, దివిసీమ కథ వేరు. ఆ సీమను కృష్ణమ్మ ఒండ్రు మోసుకొచ్చి పిడికెడు పిడికెడుగా కట్టింది. ఇప్పుడా ఒండ్రు పైన ఆనకట్టల దగ్గరే దిగిపోతోంది. మిగిలిన ఇసుకకు లారీలున్నాయి. సముద్రానికి వాటా అందడం లేదు, అందుకని అది ఒడ్డును కోసుకుని తీసుకుంటోంది. బాకీ వసూలులో ఇంత నిక్కచ్చి మనిషిని మా ఊరి వడ్డీవ్యాపారిలో కూడా చూడలేదు.

పూడిక తీసేస్తే పోదా అని ఎన్నికలకొకసారి ఎవరో ఒకరు అంటారు. మా ఊరి చెరువులో తీశారు. తీసి కట్ట మీదే పోశారు. వానకు మళ్ళీ చెరువులోకే వచ్చింది. బిల్లు మాత్రం వెనక్కి రాలేదు.

కాబట్టి నేను వేరే దారి పట్టాను. మా చేను పైపొర శ్రీశైలంలో ఉన్నప్పుడు అక్కడ నాకు పొలం ఉన్నట్టే కదా? పాస్‌పుస్తకం ఇమ్మని అర్జీ పెట్టుకున్నాను. చెక్కుబంది రాయమన్నారు, రాసిచ్చాను. తూర్పు: ఆనకట్ట. ఉత్తరం, దక్షిణం: నల్లమల. పడమర: మా పక్క చేనాయన మట్టి. పైన: నీళ్ళు, వానలు బాగుంటే.