శ్రీసభ క్యాలెండర్‌ను బడి టైంటేబుల్‌కు సర్దాల్సిందే

కతోలిక ప్రాథమిక పాఠశాలల్లో పండుగలు వాటి వేళకు జరగడం లేదని, పూజావిధులు తెలిసిన పెద్దలు కొందరు చాలాకాలంగా గొణుగుతున్నారు. ఫిర్యాదు నిజమే. దోషిని పట్టుకోవడంలోనే వాళ్లు పొరబడ్డారు. బడికి వార్షిక ప్రణాళిక ఉంది. దాన్ని స్టాఫ్ మీటింగులో చదివారు, హెడ్మిస్ట్రెస్ సంతకం పెట్టారు, నోటీసు బోర్డుకు పిన్నుతో గుచ్చారు. పండుగలే ఆ బోర్డు వైపు చూడకుండా వచ్చేస్తున్నాయి. కాబట్టి మారాల్సింది బడి కాదు, శ్రీసభ, అంటే కతోలిక సంఘం. ఇది సవినయంగా చేస్తున్న మనవి.

క్రిస్మస్ కోసం ఎదురుచూసే నాలుగు ఆదివారాల ఆగమన కాలాన్నే తీసుకోండి. పునీత అంద్రెయ పండుగ నవంబరు 30న. దానికి ఏ ఆదివారం దగ్గరైతే ఆ ఆదివారం ఆగమన కాలం మొదలవుతుంది, అంటే నవంబరు 27 నుంచి డిసెంబరు 3 లోపు ఎప్పుడైనా. ఆదివారాలు నాలుగే గాని రోజులు మాత్రం 22 నుంచి 28 దాకా ఎన్నైనా కావచ్చు. డిసెంబరు 24 ఆదివారం పడిన ఏడాది నాలుగో వారం మొత్తం ఒక్క పగలే. ఆదివారానికొకటిగా వెలిగించే కొవ్వొత్తుల్లో నాలుగోది పొద్దున వెలిగిస్తే సాయంత్రానికి క్రిస్మస్. ఇలాంటి వారాన్ని పెట్టుకుని ఏ టీచరైనా లెసన్ ప్లాన్ రాయగలదా?

ఆ కొవ్వొత్తులు నిలిపే పచ్చికొమ్మల చక్రం, ఆగమన వలయానిదీ ఇదే తంతు. మూడు ఊదారంగు కొవ్వొత్తులు, ఒక గులాబీరంగుది. గులాబీరంగుది మూడో ఆదివారానికి గాని వెలగకూడదు. మొదటి తరగతి పిల్లలు మొదటి రోజునుంచే దాన్ని వెలిగించమంటారు, ఎందుకంటే అందంగా ఉన్నది అదొక్కటే. రోజూ అసెంబ్లీలో పది నిమిషాలు వెలిగిస్తే నాలుగో వారానికి మొదటి కొవ్వొత్తి బొటనవేలంత మిగులుతుంది, నాలుగోది కొన్నప్పటిలాగే నిలబడి ఉంటుంది. దీనికి విరుగుడు లేకపోలేదు. ఊదావి మూడూ ఒకటే కనుక వారం వారం వాటి స్థానాలు మార్చుకుంటే సమంగా కరుగుతాయి. అయితే ఆ సంగతి ఎవరికైనా గుర్తొచ్చేది మూడో వారంలో, మొదటిది అప్పటికే ఆకులకు అంటుకోబోతున్నప్పుడు. గదిలో పెట్టిన పచ్చికొమ్మలు వారం పది రోజుల్లో ఎండి చితుకులవుతాయి. అందుకే చాలా బడులు ప్లాస్టిక్ ఆకులకూ బ్యాటరీ కొవ్వొత్తులకూ మారాయి. బ్యాటరీ కొవ్వొత్తి కరగదు. ఎన్ని వారాలు గడిచాయో చెప్పదు కూడా.

అసలీ వలయాన్ని మొదలుపెట్టింది మనవాళ్లు కాదు. 1839లో హాంబర్గులో యోహాన్ హిన్రిచ్ విఖెర్న్ అనే లూథరన్ పాస్టరు, క్రిస్మస్ ఇంకా ఎన్నాళ్లని వేధిస్తున్న పిల్లల కోసం ఒక బండిచక్రం తెచ్చి, దాని మీద చిన్న ఎర్రవి 20, పెద్ద తెల్లవి 4 కొవ్వొత్తులు అమర్చాడు. అంటే పిల్లల చేత ఎదురుచూపులు చూయించడానికి పుట్టిన వస్తువు ఇది. మన బడుల్లో దాన్ని వెలిగించి, దాని పక్కనే నిలబడి, డిసెంబరు మొదటి వారంలోనే క్రిస్మస్ పాటలు ప్రాక్టీసు చేస్తారు.

ఇక క్రిబ్, అంటే యేసు పుట్టిన పశువుల పాక బొమ్మల కొలువు. బాలయేసును తొట్టిలో పెట్టాల్సింది 24 రాత్రి. ఆ రాత్రి బడిలో వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. క్రిస్మస్ కార్యక్రమం ఆఖరి పనిదినాన, ఇరవయ్యో తారీఖు ప్రాంతంలో జరుగుతుంది. ఖాళీ తొట్టి ముందు ఫొటో దిగడానికి ఏ తల్లీతండ్రీ ఒప్పుకోరు. కాబట్టి అప్పటిదాకా ఆఫీసు బీరువాలో స్టేప్లర్ పిన్నుల పక్కన పడుకున్న బాలయేసును బయటికి తీసి, నాలుగైదు రోజులు ముందే పుట్టిస్తారు. సెలవులయ్యాక బడి తెరిచేసరికి క్రిబ్ అట్టపెట్టెలోకి పోయి ఉంటుంది. క్రిస్మస్ కాలం మొదలయ్యేది 24 సాయంత్రం నుంచి. జ్ఞానుల పండుగ దాటి, క్రీస్తు జ్ఞానస్నాన పండుగ దాకా అది సాగుతుంది. ఈ లెక్కన బడి క్రిస్మస్ కాని రోజులన్నీ క్రిస్మస్ చేసి, క్రిస్మస్ రోజుల్లో అట్టపెట్టెలకు టేపు వేస్తుంది. మా మొదటి సవరణ: ప్రభువు జననాన్ని డిసెంబరు 20కి మార్చాలి. అది శనివారమో ఆదివారమో అయితే ముందున్న శుక్రవారానికి.

నాటకం గురించి రెండు మాటలు చెప్పక తప్పదు, ఎందుకంటే ఒక క్లాసులో నలభై మంది ఉంటారు, సువార్తల్లో అంతమంది దొరకరు. జ్ఞానులు ముగ్గురని మత్తయి ఎక్కడా చెప్పలేదు, కానుకలే మూడు. కనుక అవసరాన్ని బట్టి ఆరుగురినైనా పెట్టుకోవచ్చు, శాస్త్రం అడ్డురాదు. సత్రం యజమాని లూకా సువార్తలో లేనే లేడు, అయినా నాటకంలో అన్నిటికన్నా గట్టి డైలాగులు ఆయనవే. మరియమ్మ భర్త జోజప్ప సువార్తల్లో ఒక్క మాటా మాట్లాడడు. నోరు పెగలని పిల్లవాడికి ఆ పాత్ర ఇస్తే లేఖనానికి సరిపోతుంది, తల్లిదండ్రులకు మాత్రం సరిపోదు. ఎద్దు, గాడిద కూడా సువార్తల్లోవి కావు. యెషయా మొదటి అధ్యాయం మూడో వచనంలో ఉన్నవాటిని ఇక్కడికి తోలుకొచ్చారు. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో పునీత అస్సీసి ఫ్రాన్సిస్ తన క్రిబ్‌లో నిజమైన ఎద్దునూ గాడిదనూ తెచ్చి నిలబెట్టాడు. ఆయన అదృష్టం, ఆ రెంటి తల్లిదండ్రులూ ముందు వరుసలో కూర్చోలేదు. మిగిలిన ఇరవై మందినీ దేవదూతలను చేస్తారు. అట్టరెక్కలు మోచేతులు దాటి బయటికి రాకూడదన్నది మొదటి నియమం. దాటితే స్టేజీ గుమ్మంలో ఇద్దరు దేవదూతలు ఎదురుపడి, ఇద్దరిలో ఒకరు రెక్క లేకుండా శుభవార్త చెప్పాల్సి వస్తుంది.

డిసెంబరు కనీసం డిసెంబరులోనే ఉంటుంది. ఈస్టర్ అలా కాదు. మార్చి 21న గాని, ఆ తర్వాత గాని వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం ఈస్టర్. అది మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 దాకా ఎక్కడైనా పడుతుంది. దాన్నిబట్టి విభూది బుధవారం, అంటే ఈస్టర్‌కు ముందరి నలభై రోజుల తపస్సుకాలం మొదలై నొసటన బూడిద పెట్టే రోజు, ఫిబ్రవరి 4 నుంచి మార్చి 10 దాకా జరుగుతూ ఉంటుంది. 2018లోనూ 2024లోనూ అది ఫిబ్రవరి 14న పడింది. ఎర్ర హృదయాల కార్డు పంచుకున్న చేతులతోనే పిల్లలు నొసటన బూడిద పెట్టించుకోవాల్సి వచ్చింది. వార్షిక ప్రణాళిక కాపీ ఒకటి చంద్రుడికి పంపించే ఏర్పాటు ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

బూడిద తయారీ మీద మాత్రం మాకు భిన్నాభిప్రాయం లేదు, అది శ్రద్ధగా చేయాల్సిన పని. నిరుడు ఈస్టర్ ముందు ఆదివారం, అంటే మట్టల ఆదివారం, గుడిలో పంచిన మట్టలను ఇళ్ల నుంచి తెమ్మనాలి. పిల్లలు సగం మంది నిరుటివి పారేసి, ఆ ఉదయమే కోసిన పచ్చివి తెస్తారు. పచ్చివి కాలవు, పొగ మాత్రం పెడతాయి. బాగా ఎండినవాటిని చిన్న ముక్కలు చేసి, ఆరుబయట లోహపు డబ్బాలో కాల్చి, చల్లారాక నూరి, సన్నటి జల్లెడ పట్టాలి. చిన్న గిన్నెడు చాలు, వందల నుదుళ్లకు వస్తుంది. నీళ్లు మాత్రం కలపకూడదు. బూడిదలో నీళ్లు పోస్తే క్షారం తేలి చర్మం మండుతుంది, లేత నొసళ్ల మీద బొబ్బలు కూడా రావచ్చు. పొడిగానే పెట్టాలి, లేదంటే రెండు చుక్కల నూనె. తర్వాతి ఘట్టం టీచర్ల చేతిలో లేదు. ఇంటర్వెల్‌లో ఎవరి సిలువ పెద్దదో పోటీ జరుగుతుంది, ఆటల పీరియడ్ అయ్యేసరికి సిలువలన్నీ మచ్చలవుతాయి. ఆ రోజు పూజలో చదివే సువార్త మత్తయి ఆరో అధ్యాయం: ఉపవాసం ఉన్నప్పుడు ముఖం కడుక్కో, నలుగురికీ తెలియనీయకు. చదివిన వెంటనే అందరూ వరుసలో నిలబడి ముఖానికి పూయించుకుంటారు.

ఉపవాస నియమం 18 ఏళ్లు నిండినవారి నుంచి 59 ఏళ్ల దాకా. మాంసం మానాలనే నియమం 14 ఏళ్లు నిండాక. అంటే ప్రాథమిక పాఠశాలలో రెండూ వర్తించేది టీచర్లకే. అయినా తపస్సుకాలంలో ఏం మానేస్తున్నారని అడిగేది పిల్లలనే. వాళ్లు హోంవర్కు మానేస్తామంటారు. చాక్లెట్లు మానేసిన పిల్ల, నలభై రోజుల లెక్కలో ఆదివారాలు రావని నాలుగో తరగతిలో కనిపెడుతుంది. విభూది బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా రోజులు 46, అందులో ఆదివారాలు ఆరు. భాగహారం రాని పిల్లకు కూడా ఈ తీసివేత వచ్చేస్తుంది.

‘అల్లెలూయా’ అనే స్తుతి పలుకును పాతిపెట్టే ఆచారం కొన్ని బడుల్లో ఉంది. తపస్సుకాలమంతా ఆ మాట పూజలో పలకరు కనుక, ముందురోజు దాన్ని రంగుకాగితం మీద రాసి, డబ్బాలో పెట్టి, తోటలో పాతుతారు. ఈస్టర్‌కు తవ్వి తీయాలి. డబ్బా ప్లాస్టిక్‌దై ఉండాలి, మూత బిగుతుగా ఉండాలి, పైన ఒక కర్ర గుచ్చాలి. ఈ మూడింటిలో మూడోదాన్ని మరిచిపోవడం సంప్రదాయంగా వస్తోంది. ఆ మధ్యలో తోటమాలి వంగనారు నాటితే ఇక అల్లెలూయా శాశ్వతం. పైగా పునరుత్థాన పండుగకు బడి సెలవులే కాబట్టి, ఆఖరి పనిదినాన, అంటే ఇంకా శ్రమల రోజులు గడవకముందే, ‘హ్యాపీ ఈస్టర్’ బ్యానరు కింద అందరూ అల్లెలూయా పాడి ఇళ్లకు పోతారు.

పవిత్ర గురువారం, అంటే ఈస్టర్ ముందు గురువారం, క్రీస్తు శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తుగా పన్నెండు మంది పాదాలు కడిగే కార్యక్రమం కూడా అలాగే ముందుకు జరుగుతుంది. 2016 నుంచి ఆ పన్నెండు మందిలో ఆడవాళ్లూ ఉండవచ్చు కనుక ఆడపిల్లల సమస్య తీరింది. తీరని సమస్య తల్లులది. ఎంపికైన పన్నెండు మందీ ఇంట్లో సబ్బుతో తోమించుకుని, పౌడరు రాయించుకుని వస్తారు. శ్రీసభ చరిత్రలో ఇంత శుభ్రమైన పాదాలను ఇంత వినయంగా ఎవరూ కడిగి ఉండరు. ఫాదర్‌గారు కడిగేది ఒక్క కుడికాలే, మేజోడు విప్పేది మాత్రం తరచుగా ఎడమకాలిది.

ఈస్టర్ కాలం యాభై రోజులు, తపస్సుకాలం కన్నా పెద్దది. కానీ సిలువ మార్గం పద్నాలుగు స్థలాల దగ్గరా ప్రతి శుక్రవారం మోకరిల్లిన పిల్లలకు, ఆ యాభై రోజుల్లో బడి ఇచ్చేది పరీక్షల టైంటేబుల్. మా రెండో సవరణ: ఈస్టర్ కాలం చివర వచ్చే పరిశుద్ధాత్మ పండుగ పెంతెకోస్తును ఫలితాల రోజుతో కలిపేయాలి, పరిశుద్ధాత్మ అవసరం ఆరోజు ఎక్కువ.

మిగతావి పెద్దగా ఇబ్బంది పెట్టవు. అక్టోబరులో పిల్లలనే పూసలుగా నిలబెట్టి జపమాల కట్టాలంటే 59 మంది కావాలి, 53 మంగళవార్త జపాలకు, ఆరు పరలోక జపాలకు. ముగ్గురు జలుబుతో రాకపోతే ఒక రహస్యం, అంటే పది పూసల వరుస, ఏడు పూసలకే ముగుస్తుంది, ఆయాను నిలబెట్టి నడిపిస్తారు. నవంబరు 1న, సకల పునీతుల పండుగకు, పునీతుల వేషాల్లో లూసియా కళ్లను పళ్లెంలో పెట్టుకుని వస్తుంది, బర్తొలొమాయి ఒలిచిన తన చర్మాన్నే చేతిమీద వేసుకుని వస్తాడు, ఎల్‌కేజీ పిల్లలు ఏడుస్తారు. పదిహేనేళ్లకే చనిపోయిన ఇటలీ కుర్రాడు కార్లో అకూటిస్‌ను 2025 సెప్టెంబరు 7న పునీతుడిగా ప్రకటించాక మగపిల్లల తల్లులకు పెద్ద ఊరట కలిగింది. ఆ వేషానికి జీన్స్, టీషర్టు, వీపున బ్యాగు చాలు.

ఇంత చెప్పాక కొందరు అడుగుతారు: క్రిబ్‌ను జనవరిలో ఇంకో వారం ఉంచి, జ్ఞానుల బొమ్మలను కిటికీ దగ్గర మొదలుపెట్టి రోజుకో బెంచి చొప్పున నడిపించి, పాటలు అప్పుడు పాడితే ఏం పోయిందని. ఈ సూచన పరిశీలించాం. పైసా ఖర్చు లేదు, పిల్లలకు సరదా, పూజావిధికి సరి. అయినా తిరస్కరించాం. పాటల కాగితాలు అప్పటికే ఫైలు చేసేస్తారు, హాలు స్పోర్ట్స్ డేకి కావాలి.

జ్ఞానుల పండుగ గుర్తుగా గుమ్మం పైన సుద్దతో రాసే ‘20 + సి + ఎం + బి + 26’ వరకు ఒప్పుకున్నాం (మధ్యవి జ్ఞానుల పేర్ల తొలి అక్షరాలు, అటూ ఇటూ ఉన్నది సంవత్సరం). ద్వారబంధం పైకమ్మీ మీద, డస్టర్ అందని ఎత్తులో రాయాలి, ఊడ్చే మనిషికి ముందే చెప్పి ఉంచాలి. చెప్పరు. పాత లెక్క అనుకుని ఆమె పదింటికల్లా తుడిచేస్తుంది. దీవించిన సుద్దముక్క మిగిలి ఉంటే ఎవరైనా మళ్లీ రాయవచ్చు. అదేమో రెండో పీరియడ్‌లో ఏడో ఎక్కం రాయడానికి అయిపోయి ఉంటుంది.