పది అంకెలు

నిన్న పొద్దున జరిగింది. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు, చెప్పే ఉద్దేశమూ లేదు.

పాలమూరులో ఒక పనుండి జడ్చర్ల దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. ఆ పని సంగతి వదిలేయండి, అది ఎలాగూ కాలేదు. స్టాపు పక్కన చెత్తకుప్పకు నిప్పుపెట్టి నలుగురు చలి కాగుతున్నారు. కట్టెలైతే ఏమనేవాణ్ని కాదు. పాత టైరు ముక్క, పాల ప్యాకెట్లు, ఎవరిదో ఒంటి చెప్పు. చలికాలం పొద్దున పొగ పైకి పోదు, సరిగ్గా మనిషి ముక్కు ఎత్తులోనే తిరుగుతుంది. "కొంచెం అటు జరిపి పెట్టుకోరాదే" అంటే, "సలి పెడ్తలేదా అన్నా, నువ్వు గూడ రా" అని నాకే చోటిచ్చారు. ఎత్తాల్సినవాళ్లు చెత్త ఎత్తితే ఈ మర్యాదలన్నీ తప్పేవి.

మా దగ్గర ఉబ్బసాన్ని దమ్ము అంటారు. దమ్మున్నోడు అంటే బయట ధైర్యవంతుడు. మా ఇంట్లో మాత్రం డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంకీ టోపీ తీయనివాడు.

బస్సెక్కేసరికి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఇన్‌హేలర్ చల్లబడితే మందు సరిగా రాదని డాక్టరు చెప్పాడు కాబట్టి దాన్ని స్వెట్టర్ కింద, చొక్కా కింద, బనియన్ జేబులో వెచ్చగా దాచుకుంటాను. నిండు బస్సులో నిలబడి అక్కడిదాకా చెయ్యి పెట్టి వెతుకుతుంటే పక్క సీటులో ఉన్న అవ్వ తన సంచి ఒళ్లోకి లాక్కుంది.

ఊపాను. ఉన్న గాలంతా వదిలాను. పెదాలు బిగించి, నొక్కుతూ మెల్లగా పీల్చాను. ఇక ఊపిరి బిగబట్టి పది అంకెలు లెక్కపెట్టాలి. పోయిన నెల డాక్టరు ముందు చేసి చూపిస్తే నాలుగో అంకెకే వదిలేశానని, ఇన్నేళ్లూ మందు నువ్వు కాదు గాలి తిన్నదని తిట్టాడు. అప్పటి నుంచి ఆ పది నాకు పరువు సమస్య.

ఒకటి. "యాడికి?" కండక్టరు.

2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచి జీరో టికెట్లు కొట్టీ కొట్టీ ఆయనకు విసుగొచ్చినట్టుంది. డబ్బులిచ్చే ముఖం ఒకటి కనబడగానే జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

మూడు. ఆగమని వేలు చూపించాను. "ఒకటే, అర్థమైంది. యాడికి?"

నాలుగు. ముందుకు చూపించాను. "బస్సు అటే పోతది. నువ్వు యాడ దిగుతవ్?"

ఐదు. మెట్టుగడ్డ అని సైగల్లో ఎలా చెప్పాలి? మీరైతే ఏం చేసేవారో తెలియదు. నేను రాడ్డు వదిలేసి గాల్లో రెండు వేళ్లతో మెట్లెక్కి, తర్వాత నా గడ్డం పట్టుకున్నాను.

ఆరు. "అయ్యో, బిడ్డకు మాటలు రావు" అంది అవ్వ.

ఏడు. కండక్టరు గొంతు మెత్తబడింది, కానీ రెండింతలు పెద్దదైంది. "పాస్ ఉందా? పా...స్?" మూగవాడు అనుకోగానే చెవిలో అరవాలని ఎవరు నేర్పారో!

ఎనిమిది. ఒక కాలేజీ అమ్మాయి లేచి సీటిచ్చింది. కూర్చున్నాను. అవును, కూర్చున్నాను.

పది. "మెట్టుగడ్డ ఒకటి."

బస్సులో ఇంజను తప్ప ఏదీ చప్పుడు చేయలేదు. అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసి "దొంగ సచ్చినోడు" అంది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. అదే ఎక్కువ తగిలింది.

"ఏం యాక్టింగ్ అన్నా, సగం టికెట్ కోసమా?" అన్నాడు కండక్టరు. ఇన్‌హేలర్ చూపించాను. "బస్సుల దమ్ము కొట్టొద్దని రాసిన్రు, కనబడ్తలేదా?"

"కొట్టలేదు. నాకు దమ్ముంది."

"దమ్ముంటే ముందే చెప్పాలె గద!"

ఎలా చెప్పాలి నాయనా? చిల్లర మాత్రం ఇవ్వలేదు, టికెట్టు వెనక రాసిచ్చి పోయాడు.

అప్పన్నపల్లి దాటేదాకా వైద్యం జరిగింది. మిరుగం నాడు పట్నం పోయి చేపమందు మింగలేదా అని అవ్వ, మిరియాల కషాయమని వెనక సీటు, పొద్దున లేవగానే పరుగెత్తమని ఇంకెవరో. ఈ చలిగాలిలో నోటితో రొప్పుతూ పరుగెత్తితే ముక్కు వెచ్చబరచని గాలి నేరుగా లోపలికి పోయి, గొట్టాలు ఇంకా బిగుసుకుపోతాయి. ఆ మాట చెబుదామనుకున్నాను, నా మాటకు ఆ బస్సులో విలువ పోయింది.

రెండోసారి కొట్టాలి. కండక్టరు వెనక తలుపు దాకా పోయాడని చూసుకుని నొక్కాను.

ఆరు దగ్గర ఉండగా, "మెట్టుగడ్డ! ఎవరన్న ఉన్నరా?"

చెయ్యెత్తాను. నా ముందు జడలు, సంచులు.

"ఎవ్వరు లేరు, రైట్!"

బస్టాండులో దిగి, మఫ్లర్ ముక్కు మీదికి లాక్కుని వెనక్కి నడిచాను. చిల్లర గుర్తొచ్చేసరికి బస్సు లేదు. మలుపు దగ్గర ఇంకో టైరు కాలుతోంది. "రా అన్నా, సలి కాగుదువు" అన్నారు.