కొండ తరఫున వకాల్తా

కొండెక్కి గుడారం వేసినవాళ్లలో "కాఫీ నేనే చెడగొట్టాను" అని ఒప్పుకున్న మనిషి ఇంతవరకు పుట్టలేదు. కాఫీ పలచగా ఉంటే తప్పు ఎత్తుది. చేదెక్కితే వాగునీళ్లది. చల్లారిపోతే గాలిది. పంటి కింద పలుకులు తగిలితే విధిది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ప్రతిసారీ బోనులో నిలబడుతున్నది కొండే. దానికి నోరూ లేదు, వకీలూ లేడు. అందుకని ఈ వ్యాసాన్ని దాని తరఫున వకాల్తాగా దాఖలు చేస్తున్నాం. ఫీజు ఏమీ వద్దు, తాగదగిన కాఫీ ఒక కప్పు చాలు.

మొదటి అభియోగం ఎత్తు. ఇందులో కొంత నిజముందని ముందే ఒప్పుకుంటున్నాం. సుమారు 300 మీటర్లు ఎక్కినకొద్దీ నీళ్లు మరిగే వేడి ఒక డిగ్రీ సెల్సియస్ తగ్గుతుంది. 3000 మీటర్ల మీద అవి 90 డిగ్రీల దగ్గరే సలసల కాగుతాయి. ఆపైన మంట ఎంత పెంచినా ఆవిరి పెరుగుతుంది తప్ప వేడి పెరగదు. అయితే కాఫీ పొడిలోని సారం బాగా దిగడానికి కావలసింది 90 నుంచి 96 డిగ్రీలే. కాబట్టి 3000 మీటర్ల దాకా కొండ నిర్దోషి. పైగా మరిగిన నీళ్లను దింపి అర నిమిషం ఆగే పనిని కూడా అది తప్పించింది. అక్కడ నీళ్లు మరుగుతుండగానే పోసెయ్యాలి. మరి ఫిర్యాది ఏం చేస్తాడు? ఇంట్లో నేర్చిన పాఠం ప్రకారం గిన్నె దింపుతాడు, ఓ నిమిషం ఆగుతాడు, సూర్యోదయాన్ని నాలుగు కోణాల్లో ఫోటో తీస్తాడు, 80 డిగ్రీలకు దిగిపోయిన నీళ్లు పొడి మీద పోస్తాడు. ఆ తర్వాత ఇది ఇంత పుల్లగా ఎందుకుందని కొండను నిలదీస్తాడు.

4500 మీటర్ల మీద నీళ్లు 85 దగ్గరే మరుగుతాయి కనుక అక్కడ కొంచెం సర్దుబాటు కావాలి. గింజల్ని ఇంకాస్త మెత్తగా పొడి చేసి, నాలుగు నిమిషాలకు బదులు ఐదారు నిమిషాలు నానబెట్టి, గిన్నెకు మూత పెట్టి, పొయ్యి మీంచి దింపాక చుట్టూ ఉన్ని టోపీ తొడిగితే సరి. ఆ టోపీ తలకు కావాలనేవాళ్లు కాఫీ సంగతి ఇక ఎత్తకూడదు.

రెండో అభియోగం చలి, గాలి. గాలి తగలని చోట ఒక కప్పుకు సరిపడా నీళ్లు, అంటే 250 మిల్లీలీటర్లు, మరగడానికి నాలుగైదు గ్రాముల గ్యాస్ చాలు. అదే పొయ్యిని దృశ్యం బాగుందని కొండ అంచున పెడితే మంట గిన్నెను వదిలి లోయను వేడి చేస్తుంది. పెద్ద బండ చాటున పెట్టాలి, లేదా గాలి వచ్చే వైపు మాత్రమే అడ్డు పెట్టాలి. డబ్బా నెత్తిన బిగించే పొయ్యికి చుట్టూరా రేకు కట్టడం ఆత్మహత్యా సదృశం. కింద ఉన్న గ్యాస్ డబ్బా వేడెక్కి పేలితే కొండ మీద రెండో కేసు పెట్టడానికి ఫిర్యాది మిగలడు. పొయ్యిని గుడారం లోపల వెలిగించినా అంతే. పొయ్యి మంట నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, అది వచ్చినట్టు ఎవరికీ తెలియదు.

తెల్లవారుజామున పొయ్యి మినుకుమినుకుమనడం వెనుక కుట్ర ఏమీ లేదు. డబ్బాలో ఉండే మామూలు బ్యూటేన్ గ్యాస్ సున్నా డిగ్రీలకు అర డిగ్రీ కిందికి దిగితే ఆవిరి కావడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 12 వరకు, ప్రొపేన్ మైనస్ 42 వరకు పని చేస్తాయి. డబ్బా మీద ఏ మిశ్రమమో రాసే ఉంటుంది, చదివేవాళ్లే ఉండరు. రాత్రి డబ్బాను పడక సంచిలో పెట్టుకుని పడుకుంటే పొద్దున్నే బుద్ధిగా మండుతుంది. గ్యాస్ ఆవిరయ్యేకొద్దీ డబ్బా ఇంకా చల్లబడుతుంది కాబట్టి, దాన్ని గోరువెచ్చని నీళ్లున్న పళ్లెంలో నిలబెట్టడం మరీ మంచిది. మంట మీద వెచ్చబెట్టడం మాత్రం ఎన్నడూ కూడదు.

నీళ్ల మీద కేసు విచారణకే నిలవదు. వాగునీళ్లను ఒక నిమిషం, 2000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు, బాగా మరగనిస్తే సూక్ష్మక్రిములు చస్తాయి. అలా మరగబెట్టే నీళ్లలోనే ముందుజాగ్రత్తగా క్లోరిన్ బిళ్ల కూడా వేసి, కాఫీకి ఈతకొలను వాసన వచ్చిందని వాగును తిట్టిపోసేవాళ్లున్నారు. రెండింట్లో ఒకటి చాలు. బిళ్లే వాడాలనుకుంటే దాని మీద రాసినంత సేపు ఆగి, తర్వాత చిటికెడు విటమిన్ సి పొడి కలిపితే వాసన పోతుంది. ముందే కలిపితే బిళ్ల పని పూర్తి కాకుండానే విరుగుడు పడినట్టు.

ఇక అసలు నేరస్థుడి సంగతి. వాడి పేరు ఉజ్జాయింపు.

250 మిల్లీలీటర్ల నీళ్లకు 15 గ్రాముల పొడి. ఈ ఒక్క లెక్క పాటిస్తే ఫిర్యాదుల్లో సగం కొట్టుకుపోతాయి. కానీ ఇంటి దగ్గర పదో వంతు గ్రాము తేడాకు తల్లడిల్లే మనిషి కొండెక్కగానే ఉదారుడైపోతాడు. అర లీటరు పట్టే చొంబులో రెండు చెంచాలు వేసి ఊరుకుంటాడు. తలగొట్టిన పెద్ద చెంచాడు పొడి సుమారు ఐదు గ్రాములు. అంటే ఆ చొంబుకు ఆరు చెంచాలు పడాలి. త్రాసును కొండెక్కించనక్కర్లేదు. పొడిని ఇంట్లోనే 15 గ్రాముల చొప్పున తూచి చిన్న పొట్లాలు కట్టుకోవాలి. గిన్నె లోపలి అంచున 250, 500 దగ్గర మేకుతో గీతలు పెట్టుకోవాలి. ఇంత చవకైన పరికరం గొప్పలు చెప్పుకోవడానికి పనికిరాదు కాబట్టి ఎవరూ తీసుకెళ్లరు.

తీసుకెళ్లేవి వేరే ఉన్నాయి. గుండెలు అదిరేంత ఎక్కి, రొప్పుతూ, చేత్తో పంపు కొట్టి తొమ్మిది బార్ల పీడనం, అంటే మామూలు గాలి పీడనానికి సుమారు తొమ్మిదింతలు, పుట్టించే ఎస్ప్రెస్సో యంత్రం ఒకటి. దానికి పిండిలాంటి పొడి, 90 దాటిన నీళ్లు, ముందే వేడెక్కిన గొట్టం కావాలి. మూడింట్లో ఒక్కటి తగ్గినా వచ్చేది రెండు గుక్కల పులుపు. అడుగున కాగే నీళ్లను ఆవిరి ఒత్తిడితో పొడిలోంచి పైకి నెట్టే మోకా పాట్ ఇంకొకటి, 1933లో ఇటలీలో పుట్టింది. వస్తువు మంచిదే, కానీ దాని అడుగు చిన్నది, క్యాంపు పొయ్యి కాళ్లు ఎడంగా ఉంటాయి. అది ఒరిగితే కాఫీ నేలపాలు, మంట పెద్దదైతే ప్లాస్టిక్ పిడి కరుగుతుంది. నీళ్లు వాల్వు కిందికే ఉంచి, పొడిని అదమకుండా సమంగా నింపి, చిన్న మంట మీద పెట్టి, గురగుర మొదలవగానే దింపేస్తే మాత్రం అది ఎవరినీ మోసం చేయదు.

గొట్టంలో పొడి, నీళ్లు పోసి చేత్తో నొక్కి కాఫీ దించే ఏరోప్రెస్ మీద మాకు ఆక్షేపణ లేదు. గాల్లో ఎగిరే రింగు బొమ్మలు తయారుచేసిన అలన్ అడ్లర్ 2005లో దీన్ని బయటికి తెచ్చాడు. దాదాపు 200 గ్రాముల లోపు బరువు, పడితే పగలదు. 15 గ్రాముల పొడి, నిండా వేడినీళ్లు, కలియబెట్టి రెండు నిమిషాలు, తర్వాత అర నిమిషం పాటు నెమ్మదిగా నొక్కాలి. కింద పెట్టిన కప్పు గట్టిదై ఉండాలి, అది నిలిచిన నేల అంతకన్నా గట్టిదై ఉండాలి. పచ్చికలో మోకాళ్ల మీద కూర్చుని పల్చటి రేకు కప్పు మీద బలమంతా వేసేవాళ్లకు కాలిన తొడలే సాక్ష్యం.

1908లో జర్మనీలో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి కొడుకు పుస్తకంలోని అద్దుడు కాగితం చింపి, చిల్లులు పొడిచిన ఇత్తడి పాత్రలో పెట్టి కాఫీ వడగట్టింది. ఆవిడ వారసులు ఇప్పుడు టైటానియం గరాటు మోస్తున్నారు గానీ కాగితాలు ఇంట్లో మరిచిపోతున్నారు. తెచ్చినవాళ్ల కాగితాలు వానలో తడుస్తాయి. వాటిని మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టుకోవాలన్న ఆలోచన రెండో వానకు గాని రాదు.

ఇవేవీ లేకపోయినా గిన్నె, చెంచా చాలునని కొండ తరఫున మనవి చేస్తున్నాం. అర లీటరు నీళ్లు మరిగించి దింపాలి. కింది ప్రాంతాల్లో అర నిమిషం ఆగాలి, పైన ఆగనక్కర్లేదు. రవ్వలా బరకగా ఉన్న 30 గ్రాముల పొడి వేసి కలిపి, మూత పెట్టి నాలుగు నిమిషాలు ఉంచాలి. పైన తేలిన తెట్టును ఒకసారి కలిపి, రెండు చెంచాల చన్నీళ్లు చిలకరించి, ఇంకో రెండు నిమిషాలు దాన్ని ముట్టుకోకుండా ఉండాలి. పొడి అడుక్కి దిగుతుంది. గిన్నె కదల్చకుండా నెమ్మదిగా వంచుకుని, అడుగున వేలెడు వదిలెయ్యాలి. పొడి వేశాక మళ్లీ పొయ్యి ఎక్కిస్తే చేదు. పొడి మెత్తగా ఉంటే అది దిగదు, పళ్లలో ఇరుక్కుంటుంది. వంచుకోగా మిగిలిన కాఫీని పొడి మీదే వదిలేసి కబుర్లలో పడితే రెండో కప్పు కషాయమవుతుంది. వీటిలో కొండ చేసింది ఏదీ లేదని గమనించ ప్రార్థన.

ఇన్‌స్టంట్ పొడిని బహిరంగంగా ఈసడించి, సంచి లోపలి జేబులో నాలుగు పొట్లాలు దాచుకునేవాళ్ల గురించి ఒక మాట. దాచక్కర్లేదు. దాని సారం ఫ్యాక్టరీలోనే దిగిపోయింది కాబట్టి 80 డిగ్రీల నీళ్లలోనూ కరుగుతుంది, ఎత్తుతో దానికి పేచీ లేదు. ముందు ఒక చెంచా చన్నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత వేడినీళ్లు పోస్తే ఉండలు కట్టదు.

కొండ అసలు లేనిచోట కూడా ఇదే తంతు నడుస్తోంది. విమానంలో క్యాబిన్ పీడనం దాదాపు 2400 మీటర్ల ఎత్తుకు సమానం కావచ్చు, అక్కడ నీళ్లు 92 దగ్గర మరుగుతాయి. అది కాఫీకి చాలిన వేడే. అయినా రుచి లేదంటే ఆ నేరం కూడా ఏ కొండకో అంటగడతారు. హోటల్ గదిలో మరో వింత ఉంది. 230 వోల్టులకు చేసిన నీళ్ల కాయిల్‌ను 110 వోల్టుల దేశంలో పెడితే దాని శక్తి దాదాపు పావు వంతుకు పడిపోతుంది, నిమిషంన్నరలో కాగే కప్పుకు ఆరు నిమిషాలకు పైగా పడుతుంది. 110 వోల్టుల కాయిల్‌ను 230 వోల్టులకు పెడితే నాలుగింతల కరెంటు శక్తి లాగి కాయిల్ కాలిపోతుంది. ప్లగ్గు మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదని చెప్పినా వినరు.

చివరగా మా క్లయింటు వేసిన ఎదురు దావా. కాఫీ పిప్పి మట్టిలాగే ఉంది కదా అని చెట్టు మొదట్లో కుమ్మరించి రావడం చెల్లదు. అది అక్కడి మట్టి కాదు, దాని వాసన జంతువుల్ని గుడారం దాకా తెస్తుంది, అందులో మిగిలిన కెఫీన్ చిన్న ప్రాణులకు పడదు. మోసుకు దిగాల్సిందే. ఇద్దరు, మూడు రోజులు, రోజుకు రెండేసి కప్పులు అనుకుంటే పన్నెండు కప్పులు, 180 గ్రాముల పొడి. పొడి తన బరువుకు రెండింతల నీళ్లు పట్టి ఉంచుతుంది కనుక పిప్పిని పిండకుండా సంచిలో వేస్తే దిగేటప్పుడు అర కిలో దాటుతుంది. గుడ్డలో పిండి, మూత మీద పరిచి మధ్యాహ్నపు ఎండలో ఆరబెడితే 145 గ్రాముల దగ్గరికొస్తుంది. తగ్గిన ఆ 35 గ్రాములే ఇద్దరూ కలిసి మూడు రోజులు తాగిన కాఫీ మొత్తం. కప్పుల్లో పడిన మిగతా రెండున్నర లీటర్లూ కొండ సరఫరా చేసిన నీళ్లు. వాటికి అది ఇంతవరకు బిల్లు పంపలేదు.