ఆకాశం తరఫున వకాల్తా

నోరులేని ముద్దాయిల్లో ఆకాశానిది పెద్దపీట. ఇంటి మీద అబ్జర్వేటరీ కట్టుకుని గెలాక్సీలనూ నెబ్యులాలనూ ఫొటో తీసే పెద్దమనిషి, ఏ ఫొటో చెడినా వేలు పైకే చూపిస్తాడు. "సీయింగ్ బాగాలేదండీ" అంటాడు, పైన గాలి నిలకడగా లేదని. కేసు అక్కడితో సరి. సాక్షుల్లేరు, విచారణ లేదు. ఈ అన్యాయం చూస్తూ ఊరుకోలేక, ఫీజు ఆశించకుండా, ఆకాశం తరఫున మేము వకాల్తా పుచ్చుకుంటున్నాం.

ముందుగా ఒక మనవి. సాక్షుల్లేరన్నది అబద్ధం. ప్రతి ఫ్రేములోనూ వేలమంది ప్రత్యక్ష సాక్షులున్నారు; వాళ్లనే నక్షత్రాలంటారు. గాలి పొరల కదలిక, అంటే అసలు సీయింగ్, నిమిషాల తరబడి తీసిన ఎక్స్‌పోజర్‌లో నక్షత్రాన్ని అన్ని వైపులా సమానంగా ఉబ్బిస్తుంది తప్ప సాగదీయదు. ఫ్రేమంతా నక్షత్రాలు ఒకే దిక్కుకి సాగి ఉంటే టెలిస్కోపుని ఆకాశంతోపాటు తిప్పే మౌంటునో, ఒక నక్షత్రాన్ని చూస్తూ దాని నడక సరిదిద్దే గైడింగునో నిలదీయాలి. మధ్యలో గుండ్రంగా ఉండి నాలుగు మూలల్లో సాగితే, బొమ్మను అంచులదాకా చదును చేసే లెన్సయిన ఫ్లాట్‌నర్‌కీ సెన్సర్‌కీ మధ్య దూరం తప్పిందని అర్థం. ఒకే మూల చెడితే సెన్సర్ ఒరిగి ఉన్నట్టు. వాతావరణానికి కుడివైపు కింది మూల మీద ప్రత్యేకంగా పగ ఉంటుందని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

చాలా ఫ్లాట్‌నర్లకి ఆ దూరం 55 మిల్లీమీటర్లు. మధ్యలో 2 మి.మీ. మందం ఫిల్టర్ వచ్చిందంటే, గాజు కాంతిని వంచుతుంది కాబట్టి మందంలో మూడో వంతు, అంటే ఇంచుమించు 0.7 మి.మీ. అదనంగా కలపాలి. పల్చటి స్పేసర్ రింగుతో తీరిపోయే తగాదా ఇది. కానీ రింగు బిగించేవాళ్లకన్నా, ఎత్తున వీచే గాలుల మీదికి నెట్టి "పైన జెట్ స్ట్రీమ్ గట్టిగా ఉంది" అనేవాళ్లే ఎక్కువ.

మౌంటు సంగతి మరీ సున్నితం. ఆకాశం సెకనుకి సుమారు 15 ఆర్క్‌సెకన్లు నడుస్తుంది (ఆర్క్‌సెకనంటే డిగ్రీలో 3,600వ వంతు). 800 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిస్కోపుకి 3.76 మైక్రాన్ల పిక్సెళ్ల కెమెరా తగిలిస్తే ఒక్కో పిక్సెల్‌కి వచ్చేది 0.97 ఆర్క్‌సెకన్లు. మోటారు సెకనులో పదిహేనో వంతు తడబడినా నక్షత్రం పక్క పిక్సెల్‌లోకి కాలు పెడుతుంది. మా కక్షిదారు మాత్రం సెకనుకి 15 అన్న మాట ఏ రాత్రీ తప్పలేదని కోర్టువారు గమనించాలి.

దీనికి ఫిర్యాదీ జవాబు: "నా గైడింగ్ గ్రాఫ్ చూడండి, అర ఆర్క్‌సెకను కూడా దాటలేదు." గ్రాఫ్ చూశాం, ముచ్చటగా ఉంది. నక్షత్రం మాత్రం కోడిగుడ్డులా ఉంది. గైడింగ్ కోసం నక్షత్రాన్ని చూసే గైడ్ స్కోపు వేరే గొట్టం, దాని క్లాంపు వేరే. టెలిస్కోపు వాలుతున్నకొద్దీ ఆ క్లాంపు వెంట్రుకవాసి వంగుతుంది. గైడ్ కెమెరాకి కనిపించే నక్షత్రం కదలదు, అసలు కెమెరాలోది జరుగుతూ పోతుంది. గ్రాఫ్ అబద్ధమాడలేదు, తను చూడనిదాని గురించి చెప్పలేదంతే. అసలు గొట్టంలోంచే వెలుగు తీసుకునే ఆఫ్-యాక్సిస్ గైడర్ పెడితే ఈ దొంగసాక్ష్యం ఆగుతుంది. లేదంటే కనీసం స్క్రూలు బిగించి, వేలాడే కేబుళ్లను కట్టేయాలి.

ఇక ఫోకస్. ఎఫ్/5 టెలిస్కోపులో (ఫోకల్ లెంగ్త్ వ్యాసానికి అయిదు రెట్లున్నది) ఫోకస్‌కి ఉన్న వెసులుబాటు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. మీటరు పొడవున్న అల్యూమినియం గొట్టం 5 డిగ్రీలు చల్లబడితే దాదాపు 0.11 మి.మీ. కురచవుతుంది. సాయంత్రం ఫోకస్ సరిచూసే బాటినోవ్ మాస్క్ పెట్టి శాస్త్రోక్తంగా ఫోకస్ చేసి పడుకున్నవాడికి, తెల్లారేసరికి ఫ్రేములు వరసగా ఉబ్బుతూ కనిపిస్తాయి. ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు పడినప్పుడల్లా మళ్లీ ఫోకస్ చేయాలి. ఫిల్టర్ మార్చినప్పుడూ అంతే. కొన్ని కేసుల్లో లెన్సు మీద మంచు పడుతుంది. అప్పుడు ఉబ్బడంతోపాటు నక్షత్రాల చుట్టూ వలయాలొస్తాయి, మసక నక్షత్రాలు లెక్కలోంచి జారిపోతాయి. హీటర్ బ్యాండు గాజుని, గాలిలో తేమ నీరుగా మారే డ్యూ పాయింట్ కన్నా రెండు మూడు డిగ్రీలు పైన ఉంచితే చాలు. ఆండ్రోమెడా నుంచి 25 లక్షల ఏళ్లు నడిచొచ్చిన కాంతి, గాజు మీది తడిలో చెదిరిపోతే, నేరం ఆ 25 లక్షల ఏళ్ల దారి మీద మోపుతున్నారు!

సరే, ఒక కేసులో నక్షత్రాలు గుండ్రంగానే ఉబ్బాయి, ఫోకస్ సరిగానే ఉంది, మంచూ లేదు. ఇప్పుడైనా సీయింగేనా? సీయింగే. ఎక్కడి సీయింగ్ అన్నదే ప్రశ్న. పగలంతా ఎండకి కాగిన కాంక్రీటు రాత్రంతా వేడి కక్కుతుంది. కప్పు జరిపిన మరుక్షణం ఎక్స్‌పోజర్ మొదలుపెడితే గొట్టంలోని వేడిగాలి అద్దం ముందే సుడి తిరుగుతుంది. చిలీలోని పరనాల్‌లో వెరీ లార్జ్ టెలిస్కోపు గోపురాలను అందుకే పగలు ఏసీ వేసి చల్లబరుస్తారు. ఇంటి అబ్జర్వేటరీకి అంత అక్కర్లేదు; గంట ముందు కప్పు తెరవడం, పైకప్పుకి తెల్లరంగు, ల్యాప్‌టాపునీ మనిషినీ వేరే గదిలోకి పంపడం చాలు. మూడోదానికి ఎవరూ ఒప్పుకోరు.

ఫ్లాట్ల గురించి, అంటే సమానంగా వెలిగే తెరను తీసి మచ్చలు చెరపడానికి వాడే ఫ్రేముల గురించి, క్లుప్తంగా. దుమ్ము మచ్చలు ఆకాశంలో లేవు, ఫిల్టర్ మీద ఉన్నాయి. కెమెరా తిప్పకుండా, ఫోకస్ కదపకుండా ఫ్లాట్లు తీస్తే పోతాయి. బ్యాక్‌గ్రౌండులో ఏటవాలు చారలుంటే అవీ ఖగోళ వస్తువులు కావు. ఫ్రేముకీ ఫ్రేముకీ డిథరింగ్ చేయలేదని, అంటే టెలిస్కోపుని కాస్త పక్కకి జరపలేదని అర్థం.

మబ్బుల నేరం ఒప్పుకుంటున్నాం. చంద్రుడిది కూడా. కాకపోతే ఆయన ముందే తేదీలు ఇచ్చి వచ్చే మనిషి. ఆ రాత్రుల్లో హైడ్రోజన్ ఎర్రటి వెలుగును మాత్రమే వదిలే 656.3 నానోమీటర్ల హైడ్రోజన్-ఆల్ఫా ఫిల్టర్ పెట్టి నెబ్యులా తీసుకోవచ్చు. గెలాక్సీ వెలుగు ఎక్కువగా నక్షత్రాలది, అన్ని రంగుల్లో పరుచుకుని ఉంటుంది. దానికి ఈ ఫిల్టర్ రాజీ కుదరదు.

చివరగా, పరువునష్టం కింద ఎదురు దావా. బ్యాక్‌గ్రౌండుని కటిక నలుపుకి నొక్కేస్తే గెలాక్సీ అంచుల్లో మసకగా ఉన్న చేతులూ ధూళీ దానితోపాటే మునిగిపోతాయి. నాయిస్ తగ్గించే మీటను చివరిదాకా తోస్తే నెబ్యులా మైనపు బొమ్మవుతుంది. సిగ్నల్-నాయిస్ నిష్పత్తి, అంటే గరుకు మీద అసలు వెలుగు పైచేయి, రెట్టింపు కావాలంటే ఎక్స్‌పోజర్ నాలుగు రెట్లు కావాలి, అడ్డదారి లేదు. ఇన్ని చేసినా ఎప్పుడో ఒక ఫొటో బాగా వస్తుంది. దాని కింద టెలిస్కోపు పేరు, మౌంటు పేరు, కెమెరా, ఫిల్టర్లు, సాఫ్ట్‌వేర్ అన్నీ రాస్తారు. ఆకాశానికి దక్కేది "బోర్టిల్ 7" అన్న ఒక్క ముక్క. అంటే ఊరి దీపాల వెలుగు ఎక్కువని; అదీ ఫిర్యాదే.