రిబ్బన్ కటింగ్, గోలెమ్ సత్కారం

మైన్‌క్రాఫ్ట్ అని, దిమ్మెలతో ఊళ్లు కట్టుకునే కంప్యూటర్ ఆట. అందులో మా మేనల్లుడు నడిపే సర్వర్‌లో నిన్న రాత్రి కొత్త సంత తెరిచారు. సర్వర్‌కు ర్యామ్, అంటే మెమరీ, కొనాలని వాడు అందరి దగ్గరా చందా వసూలు చేశాడు. ఎక్కువ సమర్పించుకున్నది నేనే కాబట్టి ముఖ్య అతిథిని నేనే. రిబ్బన్ అంటే ఎర్ర ఉన్ని దిమ్మెల వరస. నా చేతిలో కత్తెర. చుట్టూ చుట్టాల పిల్లలు, వాళ్ల స్నేహితులు, ముప్పై మంది. అప్పటికే సర్వర్ ఈడుస్తోంది.

ఈడ్వదా మరి? ఆట అడుగడుగునా లెక్క కట్టుకుంటూ నడుస్తుంది, ఆ అడుగే టిక్. సెకనుకు 20 టిక్‌లు నడవాలి, ఒక్కో టిక్‌కు గడువు 50 మిల్లీసెకన్లు. ముప్పై మంది ఒకేచోట గెంతుతుంటే ఒక్కొక్కడి గెంతు మిగతా 29 మందికీ చెప్పాలి. అంటే 870 కబుర్లు. దానికితోడు సంతకు కళ రావాలని మావాడు విలేజర్లను, అంటే ఆటే నడిపించే ఊరి బొమ్మమనుషులను, తెచ్చి కుక్కాడు. నా మంచం ఎక్కడ, నా పనిబల్ల ఎక్కడ అని వాళ్లు దారులు వెతుకుతూనే ఉంటారు. ఈ లెక్కంతా ప్రాసెసర్‌లో దాదాపు ఒకే కోర్ మోస్తుంది. ర్యామ్ ఎంత పోసినా ఆ కోర్ వేగం పెరగదు. ఈ ముక్క చందా అడిగేటప్పుడు ఎవరూ చెప్పరు. మావాడి తెర మీద "కాంట్ కీప్ అప్! ఈజ్ ద సర్వర్ ఓవర్‌లోడెడ్?" అని పడుతూనే ఉందట. పాపం, సర్వరే నోరు తెరిచి అడుగుతోంది. వాడు మాత్రం "మామయ్యా, మీ వైఫై ఒకసారి చూసుకోండి" అన్నాడు. నా నెట్ ఎలా ఉందో చూపే పింగ్ గీతలు ఐదూ పచ్చగా ఉన్నాయి!

సరే, కత్తిరించాను. ఉన్ని మాయమైంది. చప్పట్లు మొదలయ్యేలోగా మళ్లీ ప్రత్యక్షమైంది. మళ్లీ కత్తిరించాను. పోయింది, వచ్చింది. "కట్ చెయ్యండి అంకుల్" అని ఒకడు మైకులో గోల. ఈవ్ ఆన్‌లైన్ అనే ఆటలో ఇలా రద్దీ అయితే గడియారాన్నే పది శాతం వేగానికి దించేస్తారు. 2014 జనవరిలో ఒక యుద్ధం అలాగే 21 గంటలు సాగింది. అక్కడ కనీసం నిదానం చేశామని చెప్పి చేస్తారు. ఇక్కడ ఆ మర్యాద లేదు. నేను క్లిక్ మీద క్లిక్ కొడుతూనే ఉన్నాను. ఉన్ని లేని ఆ క్షణాల్లో నా కత్తెర, వెనక బొమ్మలా నిలబడిపోయిన రొట్టెలమ్మే రైతు విలేజర్‌కు తగులుతోందని నాకేం తెలుసు? దెబ్బ తగిలినట్టు వాడు ఎర్రబడనూ లేదు, కుయ్యిమననూ లేదు.

సర్వర్ తేరుకున్నాక అన్నీ కలిపి కుయ్యిమన్నాడు.

ఐరన్ గోలెమ్ అంటే ఊరికి కాపలా కాసే ఇనుప భూతం. మనం కట్టిందైతే మన మీద చెయ్యెత్తదు. ఊళ్లో తనంతట తాను పుట్టిందైతే, విలేజర్‌ను పదేపదే కొట్టినవాణ్ణి వదలదు. ఆ సంతలో ఉన్నది రెండో రకం. వచ్చింది, రెండు చేతులూ ఎత్తింది, నన్ను ఆకాశంలోకి విసిరింది. నా తెర మీద ఇట్టే అయిపోయింది. చూసేవాళ్లకు మాత్రం ముఖ్య అతిథి గాల్లో ఆగి, కాస్త జరిగి, మళ్లీ ఆగి, విడతలవారీగా ఎగిరాడట. రికార్డు చేశారు కూడా. రెండో దెబ్బకు 'ఐరన్ గోలెమ్ చేతిలో హతం' అని ముప్పై మందికీ చాటింపు.

నా వజ్రాల కవచం అక్కడే చెల్లాచెదురుగా పడింది. పడిన సామాను 5 నిమిషాల్లో మాయమవ్వాలి. అయితే ఆ 5 నిమిషాలు టిక్‌ల లెక్క, 6000 టిక్‌లు. సర్వర్ ఈడుస్తున్నంతసేపూ గడువు సాగుతుంది. పిల్లలు తీరిగ్గా ఏరుకున్నారు, బూట్లు ఎవరికి సరిపోతాయో చూసుకుంటూ.

అంతా అయ్యాక మావాడు సిమ్యులేషన్ డిస్టెన్స్, అంటే ఆటగాళ్ల చుట్టూ ఆట ఎంత దూరం నడవాలనే కొలత, 10 నుంచి 5కి దించి, సగం మంది విలేజర్లను పక్కూరికి తరలించాడు. పైసా ఖర్చు లేదు, ఆట పరిగెత్తింది. మరి నా చందా ఏదిరా అంటే "ర్యామ్ వేరే పనికొస్తుంది మామయ్యా" అంటున్నాడు.

పొద్దున వెళ్లి చూస్తే ఆ రైతు తరలినవాళ్లలో లేడు. రొట్టెల ధర పెంచాడు, నా ఒక్కడికే.