బాసర విద్యార్థికి ఆరు వానాకాలాల గోదావరి

పదో తరగతి పూర్తిచేసిన మా అక్క కూతురిని బాసర ట్రిపుల్ ఐటీలో చేర్చడానికి వరంగల్ నుంచి బయలుదేరినప్పుడు, ఆర్మూరు దాటాక పోచంపాడు వైపు మళ్లి శ్రీరాంసాగర్ ప్రాజెక్టు చూసి వెళ్దామని మా బావ పట్టుబట్టారు. ‘మన పొలంలకు వచ్చే నీళ్లు ఏడికెల్లి వస్తున్నయో బిడ్డ చూడాలె’ అన్నది ఆయన మాట. శ్రీరాంసాగర్ దగ్గర మొదలయ్యే కాకతీయ కాలువ 146వ కిలోమీటరు వద్ద దిగువ మానేరు జలాశయాన్ని చేరి, అక్కడి నుంచి వరంగల్ దిక్కుగా సాగి మొత్తం 284 కిలోమీటర్లు నడుస్తుంది. దాని చివరి భాగంలో సేద్యం చేసే మనిషికి ఆ ఆనకట్ట మీద నిలబడడం ఊరికే చూసిపోయే సంగతి కాదు. 42 గేట్ల వెనక పరుచుకున్న ఆ గోదావరి నీటి పై అంచునే బాసర ఉంది. ఇంతటి నదిని పక్కన పెట్టుకున్న విశ్వవిద్యాలయం ఆ నదినే పాఠంగా ఎందుకు చెప్పకూడదన్న ప్రశ్న ఆ రోజు నుంచి నన్ను వదలలేదు.

వరంగల్ వాళ్లకు క్యాంపస్‌లు కొత్త కావు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలే నేటి ఎన్ఐటీ. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది. అక్కడి విద్యార్థి గేటు దాటితే నగరంలో ఉంటాడు. బాసర తీరు వేరు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన ఈ విద్యాసంస్థ ఉద్దేశమే పల్లె పిల్లలు. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు పొందిన రాజ్ రెడ్డి దీని రూపకల్పనలో ముఖ్యులు. ప్రభుత్వ బడుల్లో చదివినవారికి ప్రవేశాల్లో అదనపు పాయింట్లు కలపడం, పదో తరగతి కాగానే తీసుకుని ఇంటర్ స్థాయి రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ ఒకేచోట చదివించడం దాని ప్రత్యేకతలు. పదిహేనేళ్ల వయసులో వచ్చిన బిడ్డ ఇరవై ఒకటో ఏట బయటికి వెళుతుంది. అంటే ఆ క్యాంపస్ ఆమెకు కళాశాల ఒక్కటే కాదు, ఎదిగిన ఊరు కూడా.

చేరికకు ముందు చాలా కుటుంబాల లాగే మేమూ సరస్వతి గుడికి వెళ్లాం. చిన్నపిల్లలకు పలక మీద ఓనమాలు దిద్దించే చోటే, ఇంజనీరింగ్‌లో చేరబోయే పిల్లలు కూడా తల్లిదండ్రులతో వరుసలో నిలబడ్డారు. వ్యాసుడు రోజూ గోదావరిలో మునిగి పిడికిళ్లతో తెచ్చిన ఇసుకతో ఇక్కడి దేవతామూర్తులను మలిచాడని స్థలపురాణం. చదువుల తల్లి రూపం నది ఇసుక నుంచే వచ్చిందని నమ్మే ఊళ్లో, చదువుకూ నదికీ మధ్య దూరం పెరగడం నాకు బాధ కలిగించింది. క్యాంపస్‌లో నేను చూసిన కొద్దిసేపట్లో గోదావరి ఊసే వినిపించలేదు.

ఈ నదిలో ఉన్న పాఠం చిన్నది కాదు. ఎగువన మహారాష్ట్రలో బాబ్లీ బ్యారేజీ ఉంది. 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం దాని గేట్లను ఏటా జులై 1 నుంచి అక్టోబరు 28 వరకు తెరిచి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీల నీటిని దిగువకు వదలాలి. రెండు రాష్ట్రాల రైతుల తగవు, న్యాయం, నీటి లెక్క అన్నీ ఆ తేదీల్లో ఉన్నాయి. దిగువన, 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్‌ను 112 టీఎంసీల నిల్వకు రూపొందిస్తే, పూడిక వల్ల అది మొదట 90కి, తర్వాతి సర్వేలో దాదాపు 80కి పడిపోయింది. కట్టిన ఆనకట్ట అదే, గేట్లు అవే. 30 టీఎంసీలకు పైగా చోటును మట్టి ఆక్రమించింది. మా బావ పొలానికి రెండో పంట నీళ్లు అందుతాయా లేదా అన్నది ఆ మట్టితోనూ ముడిపడి ఉంది. సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థికి ఇంతకంటే సజీవమైన ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది?

పిల్లల్ని నది దగ్గరికి పంపడం ప్రమాదం కదా అంటారు. నిజమే. స్నానఘట్టాల దగ్గర లోతు తెలియక మునిగిపోయేవాళ్ల వార్తలు మనం చదువుతూనే ఉంటాం, వార్డెన్ల భయాన్ని నేను తప్పుపట్టను. అయితే అధ్యాపకుల వెంట, పడవ నడిపే స్థానికుల తోడుతో, నీటిపారుదల ఇంజనీర్ల పర్యవేక్షణలో వెళ్లడానికీ గేటు దాటి ఒంటరిగా వెళ్లడానికీ చాలా తేడా ఉంది. పైగా ఈ విద్యార్థులు ఎంత బాధ్యతగా నడుచుకుంటారో మనకు తెలియనిది కాదు. 2022 జూన్‌లో వేలమంది తమ డిమాండ్ల కోసం ఎండనూ వాననూ లెక్కచేయక వారం పాటు శాంతియుతంగా కూర్చున్నారు. అంత నిగ్రహం ఉన్నవాళ్ల చేతికి ఒక కొలబద్ద ఇవ్వడానికి జంకాల్సిన పని లేదు.

సర్వేకు వచ్చే నిపుణుడు కొద్దిరోజులుండి వెళ్లిపోతాడు. బాసర విద్యార్థి ఆరు వానాకాలాలు ఇక్కడే ఉంటుంది. బాబ్లీ గేట్లు తెరిచిన రోజు నుంచి ఘట్టాల మెట్ల మీద నీరు ఎంత పెరిగింది, ఒడ్డున ఏ మేర ఒండ్రు పేరుకుంది, బావుల్లో నీరు ఎప్పుడు పైకొచ్చింది అన్నవి రాసి పెట్టి, వెళ్లేటప్పుడు ఆ పుస్తకాన్ని కింది తరగతి వారికి అప్పగించడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఒక విభాగం పూనుకుంటే వచ్చే జులై 1నే మొదటి పేజీ రాయవచ్చు.